మొలక చూసే గుడ్డ

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. కుక్కరు కూత వేసేలోపు దాని దగ్గరకు పదిసార్లు వెళ్ళివస్తాను. మోగని ఫోను తీసి చూస్తాను. అలాంటిదాన్ని పోయి పోయి మొలక కోసం కాచుకుని కూర్చునే ఇంట్లో పుట్టాను. మాది ఉత్తర మద్రాసులో తాతల నాటి విత్తనాల వ్యాపారం. ఇప్పుడు కొట్టు తమ్ముడు నడుపుతున్నాడు కానీ, ఏ విత్తనం కొనాలో తేల్చేది మాత్రం నాయనే.

ఆయన పద్ధతి ఒకటే. గింజల్ని తడిగుడ్డ మీద వరసగా పేర్చి, చాపలా చుట్టి, స్టీలు గిన్నెలో పెట్టి మూత వేస్తారు. రోజూ నీళ్ళు చిలకరిస్తారు. గుడ్డ విప్పిన రోజు ఆయన ఏమంటే అదే. ల్యాబు వాళ్ళ కాగితం ఎప్పుడో తీరిగ్గా వస్తుంది, దాని కోసం ఆయన ఆగరు.

పాత ఇల్లు అమ్మేసి తిరువొత్తియూరులో సముద్రానికి దగ్గరగా ఫ్లాటు కొనుక్కున్నాం. కొత్త ఇంట్లో మొట్టమొదట గిన్నెలోకి ఎక్కినవి పొద్దుతిరుగుడు హైబ్రిడ్ గింజలు. నంద్యాల వైపు నుంచి ఒక రైతు నమూనాకని పంపాడు. ఏళ్ళ తరబడి మాకే ఇస్తున్న మనిషి. హైబ్రిడ్ విత్తనం పండించడం మామూలు సేద్యం కాదు. ఆడ వరసలు, మగ వరసలు విడివిడిగా వేసి, పూత ఉన్నన్నాళ్ళూ మగపూల పుప్పొడిని ఆడపూల మీద చేత్తో రుద్దాలి. అంతా చేశాక, అది విత్తనంగా అమ్ముడుపోతేనే గిట్టుబాటు. లేదంటే నూనె మిల్లుకు మామూలు గింజల ధరకే పోయాలి. అంటే నాయన ఔనంటే విత్తనం, కాదంటే నూనె.

ఆ రోజుల్లో నేను ఆ గిన్నె చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

"మూత తియ్యబాక పాపా. నువ్వు చూస్తే బిన్నా మొలస్తాదా?" అని కసిరారు నాయన.

గుడ్డ విప్పేసరికి సగం గింజలు ఉబ్బి కుళ్ళాయి. మిగతావి ముక్కు బయటపెట్టాలా వద్దా అన్నట్టున్నాయి. నాయన చాలాసేపు చూసి ఫోను తీశారు. "ఈ తూరి మొలక బాగలేదప్పా. సరుకు పంపబాక."

"సరే శెట్టిగారూ" అని రైతు పెట్టేశాడు. ఎందుకని కూడా అడగలేదు. నాకు ఒళ్ళు మండింది.

"ఇంకోసారి చూడచ్చు గదా నాయనా?"

"చూసినా గదా. కళ్ళు బాగానే ఉండాయి నాకు."

"సరి, విడక్కా" అన్నాడు తమ్ముడు అరవంలో, ఇక వదిలెయ్యమని.

ఎలా వదలను? మర్నాడు టి. నగర్‌లో ఆఫీసులో కూర్చుని ఒకే లెక్క మూడుసార్లు తప్పు చేశాను. ఆ "సరే శెట్టిగారూ" చెవిలోంచి పోలేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు, మోటారు ఆడలేదు, కొళాయిలో చుక్క రాలేదు. అయినా ఆగలేదు. మిగిలిన గింజలు తీసి, నా పాత చున్నీ ముక్కను తాగేనీళ్ళ క్యానులో నీళ్ళతో తడిపి చుట్టి, ఫ్రిజ్ మీద దాచాను. పట్టుదల తప్ప మరో కారణం లేదు. ఈసారి నా చెయ్యి తగిలి చెడిపోతాయేమోనని భయం వేసి, తడపడానికి తప్ప దాన్ని ముట్టలేదు.

కొన్ని రోజులకు విప్పి చూస్తే ఒకటీ అరా తప్ప అన్నీ మొలిచాయి. తెల్లటి వేళ్ళు చున్నీని పొడుచుకుని బయటికొచ్చాయి. పరిగెత్తుకెళ్ళి నాయన ముందు పెట్టాను. గెలిచానన్న సంతోషంలో ఆయన ముఖం కూడా చూడలేదు.

"ఏం నీళ్ళు పోసినావు?"

"క్యాను నీళ్ళు. ఆ పొద్దు మోటారు లేదు గదా."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. కొళాయి నీళ్ళు దోసిట్లో పట్టి ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశారు. ఈ ఇంటి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని మాకందరికీ తెలుసు, అందుకే క్యాను కొంటున్నాం. పాత ఇంట్లో తాగడానికీ, గుడ్డ తడపడానికీ ఒకే తియ్యటి నీళ్ళు. ఇక్కడా గుడ్డ తడపడానికి ఆయన చెయ్యి ఎప్పటిలాగే కొళాయి కిందికి పోయింది, అంతే. అప్పుడు ఆయన ముఖం చూశాను. నా సంతోషం అక్కడే ఆగిపోయింది.

వెంటనే ఫోను కలిపి స్పీకరు పెట్టారు. "గింజలుండాయా అప్పా?"

"యాడుండాయి శెట్టిగారూ. మీరే వద్దన్నాక ఇంగెవురు కొంటారు? నిన్ననే మిల్లుకు తోలేసినా. ఆడించేసినారు గూడా."

ఇక పెట్టేయమని తమ్ముడు చెయ్యి ఊపాడు. అయిపోయిందిగా, ఇప్పుడు చెప్పి ఏం లాభమని నాకూ అనిపించింది. నాయన మా వైపు చూడలేదు.

"నీ గింజ మంచిదేనప్పా. ఈడ నీళ్ళు ఉప్పు. నేను చూసుకోలా. తప్పు నాది, నష్టం నేను ఇచ్చుకుంటా."

"నష్టం ఇస్తారని నాకు తెలుసు శెట్టిగారూ. అది గాదు. పుప్పొడి రుద్దే పని సరిగ్గా జేయలేదని మా ఇంటామెను నోటికొచ్చినట్ల తిట్టినా. అప్పుట్నించీ ఆమె నాతో మాట్లాడ్డం ల్యా. ఉండండి, ఫోను ఆమెకిస్తా. మీరే చెప్పండి."

తమ్ముడు తల దించుకున్నాడు. ఫోనులో గాజుల చప్పుడు వినబడింది, ఆ తర్వాత "చెప్పండి" అని ఒక ఆడగొంతు. నాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అమ్మా," అన్నారు. "నీ పనిలో ఏం తప్పు లేదమ్మా."