కట్టకు పట్టిన చెమట

కుంట సర్కారుది కాదు, మాది. మా పట్టాభూమిలో ముత్తాత పోయించిన మట్టికట్ట. అందుకే దాన్ని చూడటానికి ఏ ఓవర్సీరూ రాలేదు. వచ్చినా మేం కట్ట ఎక్కనిచ్చేవాళ్లం కాదు. కుంట నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి మీద మా తాత మరో రెండు వరుసల రాళ్లు పేర్పించాడు. మా నీళ్లు కింది ఊరి చెరువుకు పోవడం ఆయనకు గిట్టేది కాదు.

మేముండే దొరల ఇంట్లో, గడిలో, ఒక పద్ధతి ఉండేది. దొర ముందు అశుభం పలకరాదు. చచ్చిన ఎద్దు ‘పండుకున్నది’. ఖాళీ అయిన గాదె ‘నిండుకున్నది’. అది మర్యాద అనుకుంటూ పెరిగాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

పోలీసు చర్య జరిగిన ఏడు భాద్రపదంలో ముసురు పట్టింది. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు భయపడి మా బాపు పట్నం వెళ్లిపోయాడు. ఇరవై రెండేళ్ల నేను గడి విడవనని ఉండిపోయాను. ఒక పొద్దున కుంట కాపలా చూసే నీరడి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

“కట్టకు జర చెమట వస్తాంది, చిన్న దొరా.”

“మూడు దినాల సంది ముసురు. చెమట రాక ఏమొస్తది?”

“మత్తడి మీది రాళ్లు తీపియ్యుండ్రి.”

“సంఘపోళ్లు చెప్పి తోలిన్రా?”

“వాళ్లకేం ఎరుక దొరా. నీళ్లే చెప్తున్నయి.”

“తాత పెట్టిన రాళ్లు. ముట్టకు, పో.”

మర్నాడు మధ్యాహ్నం కుంట దిక్కు వెళ్లాను. కట్ట కింది గుడిసెలన్నీ ఖాళీ. నీరడి తల్లి ఒక్కతే కోళ్లగంప నెత్తికెత్తుకుంటోంది.

“ఎటు పోతున్నవు?”

“గుట్ట మీదికి. కట్టకు బుంగ పడ్డదని నిన్ననే చెప్పిండు కొడుకు. మీకు చెప్పలేదా?”

బుంగ అంటే నీళ్లు కట్టను లోపల తొలుచుకుంటూ వచ్చే బొక్క. కట్ట అడుగుకు దిగి చూశాను. పిడికిలి లావున నీళ్లు వస్తున్నాయి, ఎర్రగా. తేటగా వస్తే ఊట. ఎర్రగా వస్తే కట్ట మన్నే కరిగి వస్తున్నట్టు. కుంట గల ఇంట్లో పుట్టినవాడిని, ఆ మాత్రం నాకు తెలుసు.

మత్తడి దాకా పరుగెత్తలేదు. మా ఇంట్లో ఎవరూ పరుగెత్తరు. వడివడిగా నడిచాను. నీరడి అప్పటికే గడ్డపారతో రాళ్లు పెకిలిస్తున్నాడు. నన్ను చూసి వంగలేదు, పని ఆపలేదు.

“గా కొస పట్టుండ్రి,” అన్నాడు.

ఆ ఊళ్లో నాకు పని చెప్పిన మొదటి మనిషి అతనే. పట్టుకున్నాను. రెండు రాళ్లు దొర్లించాం. మూడోది కదలక ముందే కట్ట నడిమికి కుంగింది, ఆ వెంటనే తెగింది. గుడిసెలు, వాటి వెనకాల పొట్టకొచ్చిన వరి, అన్నీ ఆ ఎర్రనీళ్లలో పోయాయి. మనుషులు గుట్ట మీద నిలబడి చూస్తున్నారు.

నీళ్ల హోరు తగ్గాక అడిగాను, “బుంగ అని నాకెందుకు చెప్పలేదు?”

అతను గడ్డపార భుజానికెత్తుకున్నాడు.

“ఆ మాటంటే నన్ను వాకిట్ల నిలవనిస్తుంటిరా, దొరా?”

గుట్ట మీది వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.