స్వప్న వాళ్లమ్మ చేసిన ఫోన్

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్నాను కాబట్టి ఇప్పుడు నమ్ముతున్నానని అనుకోవద్దు. ఇరవై రెండేళ్లుగా పిల్లల డాక్టర్‌ని. బిడ్డకు ఫిట్స్ వస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించి, మూడు రోజులు ఆలస్యంగా తీసుకొచ్చిన తల్లిదండ్రులను ఎందరినో కోప్పడ్డాను. నాకు జరిగినదాన్ని కూడా అదే కోపంతో కొట్టిపారేయాలని చూశాను. కుదరలేదు.

ఉప్పల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తాను. పేరు చెప్పను. ఎంబీబీఎస్ అయ్యాక పిల్లల వైద్యంలో పీజీ చేసే డాక్టర్లు మా విభాగంలో మూడేళ్లు శిక్షణ పొందుతారు. ఆ శిక్షణకు అప్పట్లో నేనే ఇన్‌ఛార్జిని. ఎవరు ఏ రోజు డ్యూటీ చేయాలో నిర్ణయించేది నేను. వాళ్ల లాగ్‌బుక్కుల మీద, థీసిస్ మీద సంతకం పెట్టేది నేను. ఆ సంతకం లేకపోతే వాళ్లు పరీక్షకు కూర్చోలేరు. ఈ సంగతి వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు.

మా దగ్గర ఒక అలవాటు ఉండేది. పొద్దున మీటింగులో ఎవరైనా తప్పు చెబితే, అప్పుడే ఇరవై నాలుగు గంటల డ్యూటీ ముగించుకున్న మనిషిని మరో రోజు ఉండమనేవాణ్ని. జూనియర్లు దాన్ని ‘ఎక్స్‌ట్రా’ అనేవారు. అది డ్యూటీ చార్టులో ఎక్కడా ఉండదు. నోటిమాటే. నేను చదువుకునే రోజుల్లో మా సార్లు నాకూ ఇచ్చారు. అలా చేస్తేనే డాక్టర్ గట్టిపడతాడని నమ్మాను. దయ్యాలను నమ్మనివాణ్ని, దీన్ని మాత్రం ఎలా నమ్మానో!

స్వప్న అప్పుడు రెండో ఏడాది పీజీ. నాగారంలో ఇల్లు. వాళ్ల నాన్న మల్లేశం నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఆమె గురించి నాకు తెలిసింది అంతే. ఏడాదికి పైగా నా దగ్గరున్నా ఇంకేమీ అడగలేదు.

ఒక శనివారం పొద్దున మీటింగులో, వార్డులో ఉన్న ఒక పాప రక్తపరీక్ష ఫలితం అడిగితే స్వప్న తడబడింది. కాగితం చేతిలోనే ఉంది. చూస్తోంది కానీ చదవలేకపోతోంది. శుక్రవారం పొద్దున్నుంచి డ్యూటీలో ఉందని నాకు తెలుసు. “ఈ రోజు కూడా నువ్వే ఉండు” అన్నాను.

ఆ మధ్యాహ్నం రెండున్నరకు నా గదిలో ల్యాండ్‌లైన్ మోగింది. మా సహవైద్యుడు రమణ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. మోగడం అతనూ విన్నాడు.

“సారూ, నేను స్వప్న వాళ్లమ్మను. పిల్లను జర ఇంటికి పంపున్రి. కండ్లు మూతలు వడుతున్నయి దానికి. బండెక్కితే చాలు, నిద్రవోతది. చిన్నగున్నప్పుడు చున్నీతోని వాళ్ల నాయిన నడుముకు గట్టి పంపేదాన్ని.”

“అమ్మా, ఇది ఆసుపత్రి. మధ్యలో ఇంటికి పంపడానికి స్కూలు కాదు” అని పెట్టేశాను.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. సాయంత్రం రౌండ్స్‌లో అందరి ముందూ అన్నాను: “ఏమ్మా స్వప్నా, నర్సరీ పిల్లవా? మీ అమ్మతో ఫోన్ చేయిస్తున్నావు. రేపటి నుంచి మెడలో వాటర్ బాటిల్ కూడా వేసుకొని రా.”

జూనియర్లు నవ్వారు. నేను జోకు వేస్తే నవ్వాలి కదా మరి. స్వప్న ముఖం పాలిపోయింది. “సార్, మా అమ్మ...” అంది.

“చాలు. పేషెంట్ సంగతి చెప్పు” అన్నాను.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆమె స్కూటీ మీద బయల్దేరింది. నాచారంలో, ఒక కంపెనీ గేటు ముందు ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దింది. బ్రేకు వేసిన గుర్తు కూడా రోడ్డు మీద లేదట. తలకు దెబ్బ, తుంటి ఎముక విరిగింది. మా ఆసుపత్రికే తెచ్చారు. మూడు రోజులు స్పృహ లేదు.

ఆ మూడు రోజుల్లో నేను చేసింది చెప్పాలి. డ్యూటీ చార్టు ప్రకారం స్వప్నకు శనివారం పొద్దున్నే డ్యూటీ అయిపోయింది. ఆఫీసు వాళ్లు మల్లేశానికి అదే చెప్పారు. జూనియర్లందరికీ నిజం తెలుసు. వాళ్లు నా ముఖం చూసి ఊరుకున్నారు. నేను నేల చూసి ఊరుకున్నాను.

రెండో రోజు ఐసీయూ బయట మల్లేశాన్ని వాళ్లన్న నిలదీయడం నా చెవులతో విన్నాను.

“ఏందిరా మల్లేశం, డ్యూటీనే లేదంటున్నరు. మరి రాత్రంత పిల్ల యాడున్నట్టు? నీకేమన్న ఎరుకేనా?”

“రాత్రి గూడ డ్యూటీ ఉందని ఫోన్ జేసింది. నా బిడ్డ అబద్ధం జెప్పదన్నా.”

“గట్లనే అనుకుంట కూసో. డాక్టరమ్మ అయితే అడిగేటోడు లేడనుకుంటివి.”

నేను అక్కడే, పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఒక్క మాట చెబితే చాలు. చెప్పకుండా లిఫ్టు ఎక్కాను.

మూడో రోజు మల్లేశమే నా దగ్గరికి వచ్చాడు. నా మీద అనుమానంతో కాదు, పెద్ద డాక్టర్‌ని కదా, కూతురు బతుకుతుందా అని అడగడానికి. మాటల్లో అన్నాడు: “బండెక్కితే నిద్రొస్తది సార్ దానికి, చిన్నప్పటి సంది. వాళ్లమ్మ చున్నీతోని నా నడుముకు గట్టేది.”

“అవును, ఆవిడ ఫోన్‌లో చెప్పారు” అన్నాను.

మల్లేశం నన్ను వింతగా చూశాడు. “ఎవరు సార్?”

“స్వప్న వాళ్లమ్మగారు.”

“ఆమె లేదు గద సార్. పిల్ల నాలుగో తరగతిల ఉన్నప్పుడే పోయింది. ఇంట్ల నేను, నా బిడ్డ, ఇద్దరమే.”

నేరుగా రిసెప్షన్‌కు వెళ్లాను. బయటి ఫోన్లు నా గదికి నేరుగా రావు, ఆపరేటర్ కలపాలి. శనివారం మధ్యాహ్నం డ్యూటీలో ఉన్న అమ్మాయి, నా గదికి ఒక్క కాల్ కూడా కలపలేదని చెప్పింది. లోపలి నుంచే ఎవరైనా చేశారేమో అనుకున్నాను. ప్రతి వార్డులో అడిగాను. లేదన్నారు. చేసినా, చున్నీ సంగతి వాళ్లకెలా తెలుసు? రమణను పిలిచి అడిగాను. మోగడం నిజమే, నేను “స్కూలు కాదు” అనడం నిజమే అన్నాడు. అవతలి మాటలు మాత్రం అతనికి వినపడలేదు.

తిరిగి పైకి వచ్చాను. మల్లేశం, వాళ్లన్న ఇద్దరూ బెంచీ మీద ఉన్నారు. వాళ్ల ముందు నిలబడి చెప్పాను. శనివారం రాత్రి స్వప్న వార్డులోనే ఉందని. శిక్షగా నేనే ఉంచానని. రెండు పగళ్లు, రెండు రాత్రులు నిద్ర లేకుండా బండి నడిపిందని. మూడు రోజులుగా తెలిసీ దాచానని.

పెద్దాయన లేచి నా కాలర్ పట్టుకున్నాడు. మల్లేశం విడిపించాడు. “ఇడువు అన్నా. నా బిడ్డ అబద్ధం జెప్పలే. అది జాలు” అన్నాడు. నన్ను కొట్టి ఉంటే ఇంతకంటే తేలిగ్గా ఉండేది.

ఆ రోజే యాజమాన్యానికి రాసి ఇచ్చాను. శిక్షణ బాధ్యత నుంచి తప్పుకున్నాను. ఇప్పుడు ఓపీ చూస్తాను, పిల్లలకు మందులు రాస్తాను, అంతే. ‘ఎక్స్‌ట్రా’ ఆగిపోయింది. ఆగడానికి ఒక అమ్మాయి లారీని గుద్దాల్సి వచ్చింది.

స్వప్న ఎనిమిది నెలల తర్వాత తిరిగి వచ్చింది. మొదటి రోజే నా గదికి వచ్చింది. చున్నీతో కట్టిన సంగతి ఆమెకూ గుర్తులేదట, ఆసుపత్రిలో ఉండగా నాన్న చెబితేనే తెలిసిందట. మా వాళ్లలో ఎవరికో తనే చెప్పి ఉంటుందన్న నా చివరి ఆధారం కూడా అలా పోయింది. ఆ ఫోన్ ఎవరు చేశారో ఈ రోజు వరకూ నాకు తెలియదు. తెలిసినట్టు నటించను కూడా.

క్షమించమని అడగబోయాను. ఆమె వినే ధ్యాసలో లేదు. కుర్చీ అంచున కూర్చుని అడిగింది:

“మా అమ్మ గొంతు ఎట్లుండె సార్? నాకు యాదిలేదు.”

ఆ రోజు విన్న మాటలు ఒక్కటీ మర్చిపోలేదు నేను. గొంతు కోసం వెతుక్కుంటే ఏమీ దొరకలేదు. మెత్తగా ఉందమ్మా అని ఒక అబద్ధం నోటిదాకా వచ్చింది.

“నేను సరిగ్గా వినలేదమ్మా” అన్నాను.