పూజలో పెట్టిన పానాలు

మా ఆయన ఒక జాగీర్దారు దేవిడీ బంగళాలో కారు నడిపేవాడు. పోలీసు యాక్షన్ తర్వాత ఆ ఇంటివాళ్లు దేశం విడిచిపోతూ, షెడ్డులో పడి ఉన్న పాత కారును ఆయనకిచ్చారు. దాన్ని ఎడ్లతో నాంపల్లిలోని మా కిరాయి ఇంటి ముందుకు లాగించాడు. ఏనుగును దానమిచ్చినవాళ్లు మేత కూడా ఇవ్వాలి కదా అన్నాను. ఆయన నవ్వలేదు.

నవ్వే రోజులు కావవి. మా ఊళ్లో కోటలాంటి గడి వదిలి పారిపోయిన దొర, పోలీసుల అండతో తిరిగొచ్చాడు. మునుపటిలా ఇంటికో మనిషి వెట్టికి రావాలనీ, రాకపోతే మా చెలక భూమి లాక్కుంటాననీ కబురు పెట్టాడు. మా అత్త వయసంతా ఆ గడి వాకిలి ఊడ్వడంలోనే పోయింది. కొడుకు డ్రైవరయ్యాకే పట్నం వచ్చి కాస్త నడుము వాల్చింది. కారు నడిస్తే చెలక పోయినా బతుకుతాం. నడవకపోతే ఆయన గడికి పోవలసిందే. జాగీర్దార్లంతా కార్లమ్ముకుంటున్న కాలంలో డ్రైవర్లకు పనెవరిస్తారు?

అబిడ్స్‌లో ఒక హోటలు యజమాని దయ తలిచాడు. దసరా పొద్దుటికల్లా బండి స్టేషన్ ముందుంటే తన గిరాకీలను తెచ్చే పని ఇస్తాననీ, లేదంటే ఇంకొకరిని చూసుకుంటాననీ చెప్పాడు. ఇంజను పైమూత విప్పి, లోపల కాలిపోయిన ప్యాకింగు మార్చాలి. మూత బోల్టులన్నీ వచ్చాయి, మూలనున్న ఒక్కటి తప్ప. దానికి తుప్పు పట్టింది. కిరసనాయిలు గుడ్డ చుట్టి, తెల్లారి లాగుదామని పడుకున్నాడు.

తెల్లారితే మహర్నవమి. ఆయన స్నానం చేసి వచ్చేసరికి బోల్టులు విప్పే పానాలు, సుత్తి, స్క్రూడ్రైవరు అన్నీ ఆయుధపూజకని అత్త పెట్టిన పసుపు కుంకుమలతో దేవి పటం ముందున్నాయి.

"అవ్వా, రేపు పొద్దుగాల బండి నడవాలె" అన్నాడు తల్లితో.

"దినాం అన్నం పెట్టే సామాన్లు బిడ్డా. ఒక్కనాడు జర ఊపిరి తీసుకోనియ్యి. రేపు పూజైనంక ఇస్త. నడుమల లేపితే ఇంటికి అరిష్టం."

"గడికి పోవుడు అరిష్టం కాదా అత్తా?" అన్నాను. ఆమె దీపంలో నూనె పోసింది.

తల్లి మాట జవదాటే మనిషి కాదాయన. బయట అడుగుదామంటే పండుగనాడు అందరి పానాలూ పూజలోనే ఉన్నాయి. తెలిసిన ముస్లిం మిస్త్రీ ఒకడుండేవాడు గాని, పోలీసు యాక్షన్ గడబిడల్లో దుకాణానికి పడిన తాళం మళ్లీ తెరుచుకోలేదు. ఆయన తిరిగొచ్చి నా వంటింట్లో చొరబడ్డాడు. పట్టకారు తీసుకుని బోల్టును బిగించి తిప్పాడు. జారింది. పొయ్యిలోంచి నిప్పులు తెచ్చి బోల్టు మీద పెట్టాడు, వేడికి వదులవుతుందని. పెట్రోలు బండి అంటుకుంటుందేమోనని బిందెడు నీళ్లు తెచ్చి పక్కన పెట్టుకున్నాను. విరిగిన మంచం తాలూకు ఇనుప గొట్టాన్ని రోకలితో బాది బోల్టుకు దిగగొట్టి, ఒళ్లంతా బరువేసి తిప్పాడు. గొట్టం తిరిగింది, బోల్టు కదల్లేదు. మళ్లీ పట్టకారు, మళ్లీ నిప్పులు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు నేను గిన్నెలు ఎత్తెత్తి కుదేశాను. నాకు నిజంగానే ఆమెను చూస్తే ఒళ్లు మండిపోయింది.

పొద్దు వాలుతుండగా అత్త దేవి ముందుకు పోయి, చెంపలేసుకుని, పెద్ద పానా లేపింది. తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

"పట్టు. అమ్మోరికి నేను జెప్పుకుంట."

ఆయన పానా వేసి లాగాడు. పానా ఒక్కటే గిర్రున తిరిగింది. మళ్లీ వేశాడు, మళ్లీ అంతే. పట్టకారు, గొట్టం కలిసి బోల్టు అంచులన్నీ అరగదీశాయి. పానాకు పట్టు చిక్కేందుకు ఒక్క మూల మిగల్లేదు.

"పోనీ అవ్వా, లోపల పెట్టు" అన్నాడు, కళ్లెత్తకుండా.

ఆమె పెట్టలేదు. వంగి, ఆ బోల్టును తన వేళ్లతో పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. అదింకా వేడిగానే ఉంది. నేను చెయ్యి పట్టి లాగేదాకా వదల్లేదు. కుడి చేతి వేళ్లు బొబ్బలెక్కాయి. పొద్దుటినుంచీ ఆమె మీదున్న నా కోపం ఎటు పోయిందో తెలియదు, వెన్న రాస్తూ ఏడ్చాను.

దసరా పొద్దున హోటలు పని ఇంకొకరికి పోయింది. పండుగ వెళ్లిన మర్నాడు ఆయన గడికి పోను మూట కట్టుకుంటుంటే అత్త వచ్చి ఆ మూట విప్పేసింది. అందులో తన చీరలు పెట్టుకుంది.

"ఇంటికో మనిషని గదా దొర అన్నది. నేను మనిషిని గాదా?" అంది.

ఆయన ఆమె కాళ్ల మీద పడ్డా వినలేదు. వాకిలి ఊడ్చే చీపురు ఆ చేత్తో ఎలా పడుతుందని నేను అడిగాను.

"ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది" అని రైలెక్కింది.