పుస్తకానికి కొత్త పెట్టిన కనకమ్మ

కనకమ్మ నోరు ఊరుకోదు గానీ, కొత్త పంట దగ్గర మాత్రం ఊరుకుంటుంది. అమ్మవారికి కొత్త పెట్టి, అంటే తొలి పంట నైవేద్యమిచ్చి, ఊరంతా తిన్నాకే తను తింటుంది. ఆమె వేళ్లు మడిచి లెక్కపెడుతూ చెప్పిన కొండల, వాగుల పేర్లన్నీ చిన్న ప్రెస్సు నడిపే రమణి పుస్తకంగా అచ్చేసి తెచ్చింది. చదువురాని ఆమెకు, తమ ఊరి వాగైన గెడ్డ పేరు పడిందో లేదోనని ప్రాణం కొట్టుకుంటోంది.

“సదివేదా మామ్మా?”

“కొత్త పెట్టకండా ఏటి సదువుతావే గుంటా!”

పుస్తకాన్ని అమ్మవారి ముందు పెట్టి, ఇంటింటికీ పంపింది. ఆ వారమంతా ప్రతి గడపలోకీ మెడ సాచి చూసింది గానీ, పేరు ఉందా అని ఎవరినీ అడగలేదు. పసుపు మరకలతో పుస్తకం తిరిగొచ్చాక రమణి చదివింది. గెడ్డ పేరు ఉంది. కనకమ్మ గంతేసింది.

“మాసిపోనాది, ఇంకోటియ్యనా?”

“వద్దే! ఊరు ముట్టుకున్నాకే ఇది మనదయింది.”