నవమి నాడు పిస్తోలుకు బొట్టు

అత్తయ్య ఇండియా తిరుగు ప్రయాణం గురువారం అనగా, ముందటి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి మేమిద్దరం డల్లాస్ పక్కన కాపెల్‌లో కారెక్కాం. 2010 అక్టోబరు, దసరా రోజులు. వెళ్తున్నది అర్కన్సా కొండల్లో జరిగే పిస్తోలు పోటీకి. ఆడేది నేను, చూసేది ఆవిడ. మా ఆయన శ్రీధర్‌కి ఆ శనివారం ఆఫీసులో రిలీజ్ ఉంది, ల్యాప్‌టాప్ వదిలి కదలడానికి లేదు. "కొండలు బాగుంటాయమ్మా, వెళ్ళిరా" అని తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టి, నా వైపు చూసి కన్ను గీటాడు.

ఎందుకు గీటాడో చెప్పాలి. అత్తయ్య మే నెలలో అనంతపురం నుంచి వచ్చింది. చారులో ఉప్పు తగ్గిందంటుంది, బట్టలు డ్రయ్యర్‌లో వేస్తే పాడైపోతాయంటుంది, నేను జుట్టు కత్తిరించుకుంటే రెండు రోజులు పలకలేదు. పిస్తోలు గురించి మాత్రం ఒక్క మాట లేదు. మంచీ లేదు, చెడ్డా లేదు. తిట్టినా బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. అలాంటిది కిందటి ఆదివారం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే అంది: "నేను పోయే లోపల ఒకసారి చూపీ సుధా. నువ్వేం చేస్తావో చూస్తాను."

డల్లాస్ చుట్టుపక్కల క్లబ్బుల్లో ఆ వారం పేర్లు నిండిపోయాయి. దొరికింది ఈ కొండల్లో పోటీ ఒక్కటే. ఐదు గంటల డ్రైవ్. పదైనా సరే వెళ్ళేదాన్ని. నలభై ఒక్క ఏళ్ళ దాన్ని, బడి వార్షికోత్సవంలో పాట పాడబోయే పిల్లలా ఆశపడ్డాను. అత్తయ్య నన్ను చూడాలి. అంతే.

ఇక పిస్తోలు సంగతి. గ్రీన్‌కార్డు వచ్చిన ఏడాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఇందులో తూటాలు, పిడిలోకి దూర్చే మ్యాగజైన్ డబ్బాలో, ఒకదానిమీద ఒకటి కాకుండా రెండు వరసలుగా సర్దుకుంటాయి. డబుల్ స్టాక్ అంటారు. మాటిమాటికీ మార్చే పని ఉండదు, పోటీలకు వీలు. పెద్ద పేరున్నవి కొనాలంటే మా ఇంటి రెండు నెలల వాయిదా పోయాలి, ఇది మాత్రం చవక రకం. చిక్కల్లా పిడి దగ్గరే. రెండు వరసలు పట్టాలి కదా, బొద్దుగా ఉంటుంది. నా చెయ్యేమో చిన్నది. మొదటిరోజు పట్టుకుంటే వేలి కొస ట్రిగ్గర్‌ని ముట్టుకుని పలకరించి వచ్చేసింది.

రెడీమేడ్ జాకెట్టు కొని పక్కకుట్లు వేయించుకున్నట్టు, ఏడాదిపాటు దాన్ని నా ఒంటికి సరిచేయించుకున్నాను. మందపాటి పక్క పలకలు తీసి పలచటి అల్యూమినియంవి బిగించాను. ఇర్వింగ్‌లో తుపాకులు బాగుచేసే ఒక ముసలి గన్‌స్మిత్ పొట్టి ట్రిగ్గర్ వేసి, నొక్కుడు మెత్తన చేసి ఇచ్చాడు. చెమటకు జారకుండా స్కేట్‌బోర్డు మీద అంటించే గరుకు టేపు నేనే కత్తిరించి అంటించాను. గొట్టం కొసన ఉండే ముందు గురికి పచ్చటి ఫైబర్ చుక్క పెట్టించాను. వెలుగు పడితే చిన్న మిణుగురులా ఉంటుంది. చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు.

రాక్‌వాల్ దగ్గర సరస్సు మీది వంతెన దాటేసరికి ఒంటిగంట కావస్తోంది. అక్కణ్ణుంచి ముప్పయ్యో నంబరు హైవే తిన్నగా ఈశాన్యానికి పోతుంది. రెండు పక్కలా ఎండిన గడ్డి మైదానాలు, చుట్టలు చుట్టిన గడ్డిమోపులు, వాటి నీడల్లో పడుకున్న ఆవులు. సల్ఫర్ స్ప్రింగ్స్‌లో పెట్రోలు పోయించి, కారులోనే అత్తయ్య చేసిన పులిహోర తిన్నాం. పక్క పంపు దగ్గరి ట్రక్కు డ్రైవరు వాసన పట్టి, "అదేదో నాక్కూడా తినాలనుంది" అన్నాడు. అత్తయ్యకు ఇంగ్లిషు అంతంత మాత్రం, ఆకలి మాత్రం ఏ భాషలోనైనా అర్థమవుతుంది. పేపరు ప్లేటులో పెట్టి ఇచ్చింది. అతను మిరపకాయతో సహా తిని, కళ్ళు తుడుచుకుని, దణ్ణం లాంటిది పెట్టి వెళ్ళాడు.

టెక్సర్కానా దాటాక దేవదారు చెట్లు మొదలవుతాయి. రోడ్డు ఆకుపచ్చ సొరంగంలా ఇరుకై, ఎండ చెట్ల మధ్యనుంచి చారలు చారలుగా అద్దం మీద పడుతూ పోయింది. అత్తయ్య ఏదో కూనిరాగం తీస్తోంది. కారు కదలకుండా నిలబడి ఉందనీ, అడవే మెల్లగా మాకు ఎదురొస్తోందనీ అనిపించింది. నాకిలాంటివి తరచూ అనిపిస్తుంటాయి. శ్రీధర్ నా కారెక్కితే తలుపు పైన పిడి పట్టుకునే కూర్చుంటాడు.

"రేపు నవమి" అంది అత్తయ్య ఉన్నట్టుండి. "ఆయుధ పూజ. మీ మామయ్య ప్రెస్సులో కాగితాలు కోసే కత్తికి కూడా బొట్టు పెట్టనిదే ముట్టనిచ్చేదాన్ని కాదు."

"పూజ చేసిన సామాను ఆ రోజు వాడకూడదంటారు కదత్తయ్యా?"

"బస్సులోళ్ళు బొట్టు పెట్టి తోలడం లేదా? పొట్టకూటికి తోలేదానికి దోషం లేదు."

"నాది పొట్టకూడు కాదుగా."

"నీకు అంతకంటే ఎక్కువ మాదిరే ఉంది" అంది. ఆరు నెలల్లో పిస్తోలు గురించి ఆవిడ అన్న రెండో మాట అది. నాకు అడవంతా ఒక్కసారి వెలిగినట్టయింది.

ఐదున్నరకి ఆర్కడెల్ఫియా దగ్గర మోటెల్ చేరాం. అద్దె యాభై ఐదు డాలర్లు, పొద్దున కాఫీ, వాఫిల్ ఉచితం. గది శుభ్రంగా ఉంది, కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. నడిపేది గుజరాతీ దంపతులు. పెరుగన్నం తిని తొందరగా పడుకున్నాం.

పొద్దున ఆరున్నరకి నేను లేచేసరికి అత్తయ్య తలస్నానం చేసి, పట్టుచీర కట్టి, కింద స్నీకర్లు వేసుకుని సిద్ధంగా ఉంది. బయట మంచు. కొండ కనబడడం లేదు, కారు కూడా సగమే కనబడుతోంది. కాపెల్ నుంచి తెచ్చిన నిమ్మకాయలు నాలుగు చక్రాల కింద పెట్టి, బానెట్‌కి పసుపూ కుంకుమా రాసి, చామంతులు తురిమింది. మోటెల్ యజమానురాలు శాలువా కప్పుకుని వచ్చి చూసి, పరుగున లోపలికి వెళ్ళి తన కారు తాళాలు తెచ్చింది. "మాదానికి కూడా, ఆంటీజీ" అంది హిందీలో. రెండు కార్లూ నిమ్మకాయలు తొక్కాయి.

"పిస్తోలు తియ్యి" అంది అత్తయ్య.

"అందులో నూనె ఉంటుంది, కుంకుమ పడితే పట్టేస్తుంది. టైమవుతోంది, పదండి" అన్నాను. ఆవిడ కుంకుమ భరిణె చీర కొంగున ముడివేసుకుని కూర్చుంది.

పోటీ జరిగే రేంజ్ అక్కడికి ఇరవై నిమిషాలు. చివరి రెండు మైళ్ళు మట్టిరోడ్డు. గేటు దగ్గర పెద్ద బోర్డు మీద నియమాలు రాసి ఉన్నాయి. అన్నిటికన్నా పైన ఉన్నది నాకు కంఠతా వచ్చు. పిస్తోలు సంచిలోనే ఉండాలి. తీస్తే అందుకని వేసిన బల్ల దగ్గర తీయాలి, లేకపోతే మన వంతు వచ్చి రేంజ్ ఆఫీసరు చెప్పాక తీయాలి. ఇంకెక్కడ తీసినా ఆ రోజుకి ఆట లేదు. ఖాళీది అన్నా వినరు. అలా వినకపోబట్టే ఇన్నాళ్ళూ అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు.

కారు ఆపాను. మంచు అప్పుడే విడుతోంది. దేవదారుల కొసల మీద ఎండ పడి, చెట్లన్నీ నెమ్మదిగా ఊపిరి వదులుతున్నట్టు పొగలు కక్కుతున్నాయి. ఎక్కడో కాఫీ వాసన, మనుషుల నవ్వులు. అదంతా చూస్తూ, డిక్కీ తెరిచి సంచి బయటపెట్టాను. అత్తయ్య వచ్చి పక్కన నిలబడింది. కొంగు ముడి విప్పింది. భరిణె మూత తీసి, ఉంగరం వేలికి కుంకుమ అద్దుకుంది.

"ఒక్క చుక్క. పైన పెడతాను, లోపల పడదు."

విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోకూడదని నాకు తెలుసు. అది మాత్రం గుర్తుంది. అందుకని నేనే సంచి జిప్పు తీసి, పిస్తోలు రెండు చేతులా పట్టుకుని ముందుకు చాపాను. పెద్దవాళ్ళు కుంకుమ వేలు ముందుకు చాపి నిలబడితే మన తల దానంతటదే వంగుతుంది. ఆ వేళ చేతులు వంగాయి. బోర్డు గుర్తు రాలేదు. పచ్చచుక్క వెనకాల ఎర్రచుక్క పడింది. చాలా అందంగా ఉంది.

"మేడమ్" అన్నారెవరో. "దాన్ని మెల్లగా లోపల పెట్టేయండి."

పోటీ నడిపే గ్యారీ. డెబ్బై ఏళ్ళుంటాయి, తెల్లగడ్డం, చేతిలో టార్గెట్ల కట్ట. నేను పిస్తోలు లోపల పెట్టి జిప్పు వేశాక అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు. "ఏం జరిగిందో మీకు తెలుసు కదా?" అన్నాడు. తెలుసన్నాను. "ఐదు గంటలు నడుపుకుని వచ్చారని రిజిస్ట్రేషన్‌లో చూశాను. నాకు బాధగా ఉంది. కానీ ఇవాళ మీరు కాల్చడానికి లేదు."

అత్తయ్య ఆయన ముఖమూ, నా ముఖమూ చూసింది. ఎవరూ చెప్పకుండానే అర్థమైపోయింది. "నేనే తియ్యమన్నాను నాయనా" అంది ఆయనతో, తెలుగులోనే. "తప్పు నాది. నన్ను యాడన్నా కూర్చోబెట్టు, పిల్లను ఆడనీ. ఇంగ నాకు చూసే యోగం ఉండదు."

"ఏమంటున్నారు?" అన్నాడు గ్యారీ.

"తప్పు ఆవిడదంటున్నారు. ఇవాళ మా పండగ, పనిముట్లకి బొట్టు పెడతాం. వచ్చే వారం ఆవిడ ఇండియా వెళ్ళిపోతున్నారు. నేను కాల్చడం చూడాలని వచ్చారు" అన్నాను.

ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. నియమం మారుస్తాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను, అబద్ధమెందుకు. మార్చలేదు. "మా మనవడికైనా ఇంతేనని చెప్పండి" అన్నాడు. "మీరిద్దరూ వెళ్ళిపోకపోతే, నాకు టార్గెట్లు అంటించేవాళ్ళు తక్కువగా ఉన్నారు."

వెళ్ళిపోదామనే ఉంది నాకు. అత్తయ్యే, "ఇంత దూరం వచ్చి ముఖం ముడుచుకుని పోయేదా? ఏం పనో అడుగు" అంది.

పని ఇదీ. ఒకరు కాల్చడం అయ్యాక, అట్ట టార్గెట్లకు పడ్డ చిల్లుల మీద అదే రంగు గుండ్రటి స్టిక్కర్లు అంటించాలి, తరవాతివాళ్ళకి కొత్తవాటిలా ఉండేలా. గ్యారీ అత్తయ్యకు ఒక స్టిక్కర్ల చుట్ట ఇచ్చాడు. కొప్పు మీదుగా చెవులకి మోత ఆపే మఫ్‌లు, సొంత కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు, పట్టుచీర, స్నీకర్లు. ఆవిడ ఒక్కో స్టిక్కరూ తీసి, చిల్లు మీద పెట్టి, ఉంగరం వేలితో నొక్కింది. నలభై ఏళ్ళుగా వాకిలికీ, ప్రెస్సుకీ, కోడళ్ళకీ బొట్టు పెట్టిన వేలు కదా, ఒక్కటీ వంకర పోలేదు. రెండో రౌండుకే అందరూ "గ్రాండ్‌మా, ఇటు" అని పిలవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం హాట్‌డాగ్‌లు వద్దంటే, ఒకావిడ తన యాపిల్ సగం కోసి ఇచ్చింది.

నేనూ అంటించాను. నా వంతు రావాల్సిన చోట నా పేరు దాటేసి తరవాతి పేరు పిలిచారు. అప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అత్తయ్య చూడకుండా అటు తిరిగాను. కొండమీద ఆకులు ఒకటొకటిగా ఎర్రబడుతున్నాయి. తుపాకీ మోతకు లేచిన పక్షులు ఒక చుట్టు తిరిగి మళ్ళీ అవే చెట్ల మీద వాలుతున్నాయి.

రెండున్నరకి బయలుదేరాం. ఎవరైనా అటు వెళ్తే, పోటీ రుసుము ఇరవై డాలర్లు, భోజనం అందులోనే. నీళ్ళు మాత్రం పట్టుకెళ్ళండి.

టెక్సస్ బోర్డు దాటాక అత్తయ్య మొదలుపెట్టింది. "ఆ పొడుగాయన ఉన్నాడు చూడు, నీలం చొక్కా. కాల్చే ముందర భుజం పైకి లేపుతాడు. అందుకే అన్నీ ఎడమకి పోతాండాయి. నువ్వు భుజం లేపవు."

"మీరు నన్ను చూడనే లేదుగా" అన్నాను. గొంతులో కొంచెం ఉక్రోషం వచ్చింది.

"యాడ చూడలేదు? ఎప్పుడూ తెల్లారుజామున గరాజ్‌లో గోడకెదురుగా ఖాళీ పిస్తోలు పట్టుకుని నిలబడతావు. కాఫీకి లేచినప్పుడల్లా వంటింటి తలుపు సందులోంచి చూస్తానే ఉండాను. వచ్చిన కొత్తలో నీ చెయ్యి వణుకుతా ఉండె. ఆ గరుకు టేపు అంటించినాక తగ్గింది. శ్రావణమాసం నుంచి అసలు వణకలే."

నేను ఆవిడ వైపు తిరిగాను. "ముందు చూసి తోలు" అంది.

"ఆర్నెల్లుగా ఒక్క మాటైనా చెప్పలేదేం అత్తయ్యా?"

"చెప్తే నాకు చూపించేదానికి నిలబడుతుంటివి. చెయ్యి మళ్ళా వణుకుతుండె."

సల్ఫర్ స్ప్రింగ్స్‌లో కాఫీ తాగాం. పొద్దు గుంకే వేళకి సరస్సు వంతెన మీద ఉన్నాం. నీళ్ళన్నీ బంగారంలా ఉన్నాయి, అత్తయ్య నిద్రపోతోంది. ఆ పోటీ ఫలితాల్లో నా పేరు పక్కన గీత ఒక్కటే ఉంటుంది. ఆ వారం నేను ఒక్క తూటా కాల్చలేదు. గురువారం వరకు తెల్లవారుజామున గరాజ్‌లో మాత్రం నిలబడ్డాను. వెనక తలుపు కిర్రుమనేది. నేను తిరిగి చూడలేదు.