మామ పుట్టిలో రేడియో

మొన్న రాప్తాడు నుంచి అనంతపురానికి ఆటోలో వస్తుంటే డ్రైవరు రైతుల కార్యక్రమం పెట్టుకున్నాడు. శెనక్కాయ విత్తనం ఎట్లా శుద్ధి చేసుకోవాలో ఎవరో తీరుబడిగా చెబుతున్నారు. "పాటేదైనా పెట్టప్పా" అన్నాను. "ఏం మేడమ్, ఇది వినేటోళ్ళే లేరంటారు, వింటే వద్దంటారు" అని నవ్వి స్టేషను మార్చాడు. అతని తప్పేమీ లేదు. ఆ కార్యక్రమం వినబడితే చాలు, నాకు మా మామ పుట్టిలో కూర్చున్నట్టే ఉంటుంది.

మామ అంటే మా నాయనకు అక్క మొగుడు. పుట్టి అంటే బుట్టలాగా గుండ్రంగా ఉండే పడవ. తెడ్డు వేయడం రానివాడు ఎక్కితే ముందుకు పోదు, తిరగలిలాగా ఉన్నచోటే తిరుగుతుంది. అయితే మామ పుట్టుకతో చేపలు పట్టేవాడు కాదు, శెనక్కాయ రైతు. మా ఊరికీ వాళ్ళ ఊరికీ నడుమ జలాశయం కట్టారు. దాని కాలవ మా నాయన చేలకు వచ్చింది. మామ చేను, ఇల్లు, అత్త పెంచుకున్న కరివేపాకు చెట్టు నీళ్ళ కిందికి పోయాయి. "పాతాళందాకా బోర్లేస్తే రాని నీళ్ళు, పిలవకుండానే నెత్తిమీదికొచ్చినాయి" అని మామ తానే నవ్వేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, మా నాయన తప్ప. కాలవలో మొదటిసారి నీళ్ళు పారిన రోజు మా వీధి ఆడవాళ్ళం పసుపు కుంకుమ చల్లాం. ఆ రోజు అత్త మా ఇంట్లోనే ఉంది. సంబరంలో పళ్ళెం ఆమె చేతికీ అందించాను. అందించాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. ఆమె చిటికెడు చల్లి, పళ్ళెం పక్కామెకు ఇచ్చింది.

మామ గట్టు మీది కొత్త కాలనీలో ఉంటూ చేపలు పట్టడం నేర్చుకున్నాడు. పుట్టిలో వలతో పాటు ఒక చిన్న రేడియో ఉండేది. తడవకుండా ప్లాస్టిక్ కవరు తొడిగి, తాడుతో అంచుకు కట్టేవాడు. "నేను నీళ్ళలో పడితే ఆలోచిస్తాడు గానీ, అది పడితే ఆలోచన లేకుండా దూకుతాడు" అనేది అత్త. అప్పటికి నేను బడిలో పంతులమ్మను. వేసవి సెలవుల్లో ఊరికి వచ్చి, ఒక సాయంత్రం సరదాపడి మామతో పుట్టి ఎక్కాను. గాలి చల్లగా ఉంది, నీళ్ళు పాచి వాసన వేస్తున్నాయి. కొంతదూరం పోయాక మామ తెడ్డు ఆపి, "ఈడ మన బోరు. ఆడ, ఆ కొంగ వాలినకాడ, కళ్ళం" అని ఇల్లు చూపించినట్టు చూపించాడు. నాకు నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. రేడియోలో విత్తనాల ముచ్చట మొదలైంది. రేపే విత్తబోయేవాడిలాగా మామ మెడ వంచి విన్నాడు. ఉన్నట్టుండి రేడియోలోంచి మా నాయన గొంతు వచ్చింది.

కాలవ కింద రైతులను మాట్లాడించడానికి రేడియోవాళ్ళు ఊరికి వచ్చిన సంగతి నాకు తెలుసు. ఆయన ఏం మాట్లాడాడో తెలియదు. "మా కరువు తీరిపోయినాదన్నా. ఈ నీళ్ళతో ఎవురికీ నష్టం లేదు, అందురికీ మేలే" అంటున్నాడు నాయన, పెండ్లిలో మాట్లాడినట్టు హుషారుగా. నా చెయ్యి దానంతటదే రేడియో మీదికి పోయింది. మామ పట్టుకున్నాడు. "ఉండనీమ్మా. మీ నాయన మాట్లాడతాండాడు గదా." చివరిదాకా విన్నాడు. తెడ్డు ఆడక పుట్టి మెల్లగా గుండ్రం తిరిగింది. తర్వాత తనే రేడియో ఆపేసి, "గొంతు బాగుండాది" అన్నాడు. తెడ్డు అందుకుని పుట్టిని ఒడ్డుకు తిప్పాడు.

ఇంటికొస్తే నాయన చుట్టూ జనం, రేడియోలో పడ్డావని మెచ్చుకోళ్ళు. వాళ్ళు పోయాక, మామ అంతా విన్నాడన్న విషయం చెప్పాను. చెప్పకుంటే బాగుండేదేమో. నాయన సంగటి ముద్ద ముందర కూర్చుని, చెయ్యి కడుక్కుని లేచాడు. నీళ్ళంటే ఆయనకు చచ్చేంత భయం, గట్టు మీద నడిచేవాడే కాదు. తెల్లారి నన్ను వెంటబెట్టుకుని పోయి, మామ వద్దంటున్నా పుట్టి ఎక్కాడు. రెండు చేతులతో అంచు పట్టుకుని, "చేను కాడికి పోనీ బావా" అన్నాడు. అక్కడికి చేరాక చాలాసేపు కిందికే చూశాడు.

"ఆ మాట ఎట్లొచ్చిందో తెలీదు బావా. అడిగితే అట్ల వచ్చేసినాది."

"నీళ్ళొద్దని నేను యాడన్నా? నేనూ రైతునేప్పా. మా చేను పోయినాదని ఒక్క మాట అనింటే సాలు."

నాయన ఊరుకోలేదు. రేడియోవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళను తానే మామ దగ్గరికి తీసుకుపోయాడు. మామ తన చేను గురించి, కళ్ళం గురించి, అత్త కరివేపాకు చెట్టు గురించి తడుముకోకుండా చెప్పాడు. మధ్యలో వాళ్ళడిగితే చేపల సంగతీ చెప్పాడు. ప్రసారం రోజున అందరం గట్టుకు కట్టేసిన పుట్టిలో ఇరుక్కుని కూర్చున్నాం. వచ్చింది చేపల సంగతి ఒక్కటే. మామ పకపకా నవ్వి, "చూస్తివా, నా చేను రేడియోలో గూడా మునిగిపోయినాది" అన్నాడు. అత్త కూడా నవ్వింది. నాయన మాత్రం తల ఎత్తలేదు.

ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు. కాలవ నీళ్ళతో పండిన బియ్యమే ఈనాటికీ మా ఇంట్లో ఉడుకుతుంది, నేను కడుపునిండా తింటాను. పోగొట్టుకున్నవాళ్ళ బాధను కాలం ఎంతోకొంత మాన్పుతుందంటారు, నిజమే కావచ్చు; పొందినవాళ్ళ మనసు బరువును మాత్రం అది తగ్గించగా నేను చూడలేదు.