మెట్ల మీంచి పడ్డవాడి ముఖం

థోరా లోకెన్ ఫిలిం కత్తిరించే కత్తెర పట్టి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో నూటికి పైగా మూకీ కామెడీ సినిమాలు ఆమె చేతుల మీదుగా వెళ్లాయి. ఒక్కదానికీ ఆమెకు నవ్వు రాలేదు. అందుకామె బాధపడలేదు సరికదా, నవ్వేవాళ్లంటేనే ఆమెకు చిన్నచూపు.

ఆమెది అమెరికా ఉత్తరాన మంచు కురిసే డులూత్. పదహారేళ్లకే చొక్కాల ఫ్యాక్టరీలో చేరి గుండీలు కుట్టింది. చలికి దగ్గు పట్టుకుని వదలకపోతే డాక్టరు ఎండ తగిలే చోటికి పొమ్మన్నాడు. అలా కాలిఫోర్నియా వచ్చింది. కుట్టుపని చేసిన చేతులు కదా అని హాలీవుడ్‌లో ఎవరో ఫిలిం ముక్కలు అతికించే పనిలో పెట్టారు. తెర మీద కనబడాలని వచ్చి కాఫీ హోటళ్లలో ప్లేట్లు మోస్తున్న ఆడపిల్లలు ఆ వీధి నిండా ఉండేవాళ్లు. థోరాకు అలాంటి పిచ్చి ఎప్పుడూ లేదు. తెర మీద కనబడేవాళ్లు ఎలాంటివాళ్లో ఆమెకు దగ్గర్నుంచి తెలుసు.

ఆమె పనిచేసే కంపెనీ గోవర్ వీధి చివర, పాత గుర్రపుశాలలో ఉండేది. యజమాని ఓటిస్ క్రాంప్ అంతకు ముందు అయోవాలో పందుల దాణా అమ్మేవాడు. సినిమానూ అలాగే తీసేవాడు. ఐదు రీళ్లు నిండాయా లేదా అన్నదొక్కటే అతనికి కావాలి. వాటిలో ఏముందో చూసే ఓపిక లేదు. ఆ కంపెనీకి ఉన్నది ఒకే ఒక మెట్ల వరస. ఒక సినిమాలో దానికి తెల్ల రంగు పూస్తే కోటీశ్వరుడి బంగళా, గోధుమరంగు పూస్తే హోటలు, ఏమీ పూయకపోతే జైలు. గోడలు గుడ్డవి. హీరో కోపంగా తలుపు వేస్తే ఇల్లంతా వణికేది. ఆ వణుకు కనబడకుండా కత్తిరించడమే థోరా రోజూ చేసే పని.

ఆ హీరో పేరు ఫెర్రిస్ గాడ్బీ. రైలు దిగిన రోజున వాడికి తెలిసిన విద్య కళ్లు గుండ్రంగా తిప్పడం. నాలుగేళ్ల తర్వాతా అదొక్కటే. మెట్ల మీంచి, కిటికీల్లోంచి, గుర్రబ్బండ్ల మీంచి పడేది మాత్రం వాడు కాదు. ఓరిన్ స్ప్రాగ్ అనే ముసలాయన. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. సర్కస్ గుడారాల్లో నలభై ఏళ్లు పడీ పడీ ఒళ్లు రబ్బరులా చేసుకున్న మనిషి. గాడ్బీ బట్టలు వేసుకుని, గాడ్బీ టోపీ పెట్టుకుని, కెమెరాకు వీపు చూపిస్తూ పడేవాడు. ఆ తర్వాత గాడ్బీ వచ్చి నేల మీద కూర్చుని కళ్లు తిప్పేవాడు. మధ్యలో అతుకు థోరాది.

స్ప్రాగ్, థోరా ఒకే బోర్డింగ్ ఇంట్లో ఉండేవారు. పొద్దున్నే ఓట్స్ జావ తాగుతూ ఆయన తన పడటాల గురించి చెప్పేవాడు. ఏ మెట్టు మీద మోచెయ్యి ఆనించాలో, ఊపిరి ఎప్పుడు వదలాలో, ఒక మేస్త్రీ గోడ గురించి చెప్పినట్టు చెప్పేవాడు. ఆ ఊళ్లో థోరా చెవి ఒగ్గి విన్నది ఆ ఒక్క మనిషి మాటే.

ఆ ఏడాది మార్చిలో తీసిన సినిమా పేరు 'మూడంతస్తుల మామ'. ఆరు రోజుల షూటింగ్. ఆఖరి రోజు ఒక పత్రికావిడ వచ్చింది. గాడ్బీ ప్యాంటు మోకాలి దాకా పైకి లాగి, మేకప్ పెట్టెలోని ఊదారంగుతో చేసుకున్న దెబ్బ చూపించాడు. "నా పడటాలన్నీ నేనే పడతానండీ. నా ప్రేక్షకుల్ని మోసం చెయ్యడం నాకు చేతకాదు" అన్నాడు. పక్కనే అదే రకం ప్యాంటు వేసుకుని నిలబడ్డ స్ప్రాగ్ మర్యాదగా తల తిప్పుకున్నాడు. ఫిలిం డబ్బాల కోసం వచ్చిన థోరా ఇదంతా గుమ్మంలోంచి చూసింది.

అరగంట తర్వాత స్ప్రాగ్ మెట్ల మీంచి పడ్డాడు. సగం దూరం అనుకున్నట్టే సాగింది. అక్కడ రెయిలింగ్ విరిగింది. మేకు కొట్టాల్సిన చోట వడ్రంగి జిగురు రాసి వదిలేశాడు. ఆయన తిరగబడి, తుంటి ఎముక మీద నేలకు పడ్డాడు. టోపీ ఊడి ముఖం సూటిగా కెమెరా వైపు తిరిగింది. నోరు తెరుచుకుంది. మరుక్షణం ఆయన పళ్లు బిగించి నోరు మూసుకున్నాడు, షాటు పాడవకూడదని. కెమెరా తిరుగుతూనే ఉంది.

ఆయన్ను సెట్టులోని తలుపు ఒకటి పీకి దాని మీద మోసుకెళ్లారు. గాడ్బీ వచ్చి చూసి, "అయ్యయ్యో, అది నా ప్యాంటు. చిరిగిపోయింది" అన్నాడు. ఆ మాట వినేదాకా థోరాకు వాడంటే అసహ్యం మాత్రమే. ఆ తర్వాత అసహ్యమనే మాట చాల్లేదు.

రెయిలింగ్ బాగుచేయించే ఉద్దేశం క్రాంప్‌కు లేదు. ఉన్న షాటే వాడమన్నాడు. ముసలాడి ముఖం కనబడకముందే కత్తిరించమని చెప్పి వెళ్లిపోయాడు. థోరా కత్తిరించలేదు. ముఖం ఉన్న మూడు సెకన్లూ అలాగే ఉంచి, దాని పక్కన గాడ్బీ కళ్లు తిప్పే ముక్క అతికించింది. జనం చూస్తారు, ఎవరు పడ్డారో ఎవరు కూర్చున్నారో తెలుసుకుంటారు, హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దంలో గాడ్బీ ముఖం చూడాలని ఆమె కోరిక. క్రాంప్ రీళ్లు లెక్కపెట్టి, ఐదున్నాయని తృప్తిపడ్డాడు. చూడలేదు.

విడుదలకు ముందు, జనం ఏమంటారో తెలుసుకోడానికి, శనివారం మధ్యాహ్నం పాసడీనాలో ఒక హాల్లో సినిమా వేసి చూశారు. నాలుగు రీళ్ల దాకా జనం వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. వాళ్లను చూసి థోరాకు జాలి వేయలేదు. డబ్బిచ్చి మరీ ఇది చూడ్డానికి వచ్చినవాళ్ల మీద జాలేమిటి? ఇంతలో మెట్లు వచ్చాయి. స్ప్రాగ్ పడ్డాడు. ముఖం తిరిగింది. నోరు తెరుచుకుంది.

హాలు విరగబడి నవ్వింది.

ఆ మధ్యాహ్నం మొత్తానికి అదే మొదటి నవ్వు. థోరా ముందు వరసలో ఒకావిడ పక్కవాడి భుజం మీద వాలి కళ్లు తుడుచుకుంటోంది. ఇంకెవరో "ఆ మూతి చూడు, ఆ మూతి" అంటున్నారు. గాడ్బీ ముఖం రాగానే, "వీడెవడ్రా మధ్యలో" అని వెనకనుంచి ఒకడన్నాడు, దానికీ నవ్వారు. హాల్లోనే కూర్చున్న గాడ్బీ లేచి వెళ్లిపోయాడు. ఆమె కోరుకున్న అవమానం వాడికి జరిగింది, కానీ ఆమె వాడి వైపు చూడనైనా లేదు.

బయట క్రాంప్ ఆమెను పట్టుకున్నాడు.

"ఆ ముఖం నువ్వే ఉంచావా?"

"నేనే. తీసేస్తాను, ఆ రీలు ఇవ్వండి."

"తీసేస్తావా? పిచ్చిదానివా? అలాంటిది ఇంకేమన్నా ఉందా? నేల మీద పడి ఉన్నది, మోసుకెళ్లేది?"

"లేదు" అంది థోరా.

ఉంది. పదకొండడుగుల ముక్క ఆమె గదిలో మేకుకు వేలాడుతోంది. సోమవారం పొద్దున్నే దాన్ని పెరట్లో బకెట్లో వేసి అగ్గిపుల్ల గీసింది. ఫిలిం ఒక్క ఊపున భగ్గుమంది, ఆమె కనుబొమలు కాస్త కాలాయి. అయితే తెర మీది మూడు సెకన్లను ఆమె ఏమీ చేయలేకపోయింది. అప్పటికే క్రాంప్ రీళ్లు తాళం వేసి పెట్టుకున్నాడు. ఇంతకాలం తను వాళ్లందరికంటే మెరుగైనదాన్నని థోరా అనుకునేది. దాణా వ్యాపారికి తట్టని సరుకు తన కత్తెరే అందించిందని ఆ బకెట్ ముందు నిలబడ్డప్పుడు అర్థమైంది. ఆ రోజే పని మానేసింది.

స్ప్రాగ్‌కు చెప్పడానికి వారం పట్టింది. ఆయన నడుము చుట్టూ పట్టీలతో మంచం మీద ఉన్నాడు. థోరా జరిగిందంతా దాచకుండా చెప్పి, క్షమించమంది. ఆయన సగమే విన్నట్టున్నాడు.

"నవ్వారా?"

"నవ్వారు, మిస్టర్ స్ప్రాగ్."

"ఎంతసేపు?"

"నేను చూసుకోలేదు."

"ఫిలిం అంగుళాల్లో కొలుస్తావు, నవ్వు కొలవలేదా అమ్మాయ్?"

ఆమెకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. చివరికి ఇరవై సెకన్లుంటుందని చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని, కడుపు నిండిన మనిషిలా పడుకున్నాడు.

ఆగస్టులో ఆ సినిమా మెయిన్ స్ట్రీట్‌లో ఒక చిన్న హాలుకు వచ్చింది. అప్పటికి స్ప్రాగ్ కర్ర పట్టుకుని కుంటుతున్నాడు. ఇక పడే పని ఆయనకు లేదు. ఒక పెద్ద స్టూడియో గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. థోరా మరో కంపెనీలో చేరింది, అక్కడా అవే గుడ్డ గోడలు. తనను సినిమాకు తీసుకెళ్లమని ఆయన మూడుసార్లు అడిగాడు. మధ్యాహ్నం ఆటకు టికెట్ కొని ఆయన్ను లోపల కూర్చోబెట్టి, తను బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది. ఐదో రీలు దగ్గర గోడ అవతలి నుంచి నవ్వు వినబడింది. అది తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచింది.

ఆట వదిలాక అందరికంటే చివర ఆయన వచ్చాడు. పక్కన కూర్చుని కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. థోరా ఆయన ముఖం వైపు చూడలేక వీధిలోకి చూస్తోంది.

"మూడో మెట్టు దగ్గర ఎడంకాలు కాస్త ముందే వంచాల్సింది, థోరా" అన్నాడాయన. "అది నా తప్పే. రెయిలింగ్‌ది కాదు."

"రెయిలింగ్‌దే" అంది థోరా.

ఆయన ఒప్పుకోలేదు. ట్రాము వచ్చేదాకా కర్రతో కాలిబాట మీద మెట్లు గీసి, కాలు ఎక్కడ పెట్టాలో ఆమెకు చూపిస్తూనే ఉన్నాడు.